డేటాబేసు సర్వరునకు కనెక్షనుల మితి యేల?

గత సంవత్సరము వేసవి సెలవుల చివర, తార్నాకలో వీధి మూలనున్న యొక నెట్ సెంటరునందు రాత్రి తొమ్మిది గంటల వేళ మేము ముగ్గురము కూర్చుండి యుంటిమి. ఒకరు మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన బాలిక. రెండవవారు ఆటో నడుపుకొని జీవించు నామె తండ్రి. మూడవవాడను నేను. వసతి గృహముతో కూడిన యొక కళాశాలలో ప్రవేశమునకు దరఖాస్తు పంపుటకు ఆ రాత్రి పండ్రెండు గంటలతో గడువు ముగియును. బాలిక పేరు, తండ్రి పేరు, మార్కులు అన్నియు నింపి తుదనున్న మీటను నొక్కగా తెల్లని పుటమీద ఒకే వాక్యము కనబడెను. కనెక్షనులు మితిమీరినవని దాని భావము. మరల నొక్కితిమి. మరల నదియే వాక్యము. నేను తొందరపడి మూడు యంత్రములమీద మూడు కిటికీలు తెరచి, మూడింటను మార్చి మార్చి నొక్కుచుంటిని. అప్పుడా తండ్రి నా వంక చూచి, “సారూ, దర్వాజ ఎవరు బందు చేసిండ్రు?” అని యడిగెను.

ఇరువది సంవత్సరములుగా ఉపాధ్యాయుడనై యుండియు నేనా ప్రశ్నకు బదులు చెప్పజాలకపోతిని. ఆ సిగ్గు నన్ను విడువలేదు. తరువాతి ఆదివారము సాయంకాలము తార్నాకనుండి నడచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు పోయి, అచ్చట కంప్యూటరు శాస్త్రమును అభ్యసించుచున్న మన పూర్వ విద్యార్థి నొకనిని కలిసికొంటిని. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనము నెదుట కూర్చుండి ఆ యువకుడు నాకు పాఠము చెప్పెను. పిమ్మట నేను దానిని పుస్తకములతో సరిచూచుకొని, మన బాలబాలికలకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాను.

పట్టికల భాండారము

మన పాఠశాల కార్యాలయమునందు రెండు పుస్తకములు గలవు. ఒకటి ప్రవేశముల రిజిస్టరు. అందు ప్రతి విద్యార్థికిని ఒక సంఖ్య యుండును. రెండవది మార్కుల రిజిస్టరు. ఇందు తండ్రి పేరును, ఊరి పేరును మరల వ్రాయరు; ప్రవేశ సంఖ్యను మాత్రము వ్రాసి దాని యెదుట మార్కులు వేయుదురు. ఆ సంఖ్యయే రెండు పుస్తకములను కలుపు సూత్రము. ఇట్లు సమాచారమును పట్టికలుగా విభజించి, వాని నడుమ సంబంధములను నిలుపు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. అట్టి పట్టికల సముదాయమునకు రిలేషనల్ డేటాబేసని పేరు. దానిని కాపాడుచు, అడిగినవారికి అడిగిన వరుసను తీసి యిచ్చుచు నుండు యంత్రమును, అందలి కార్యక్రమమును కలిపి డేటాబేసు సర్వరందురు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ అనునవి యిందు ప్రసిద్ధములు.

కనెక్షను అననేమి?

ఒక గొప్ప గ్రంథాలయమును తలంచుకొనుడు. పాఠకుడు వచ్చి తన పేరు చెప్పి, చీటీ చూపును. ద్వారమునందలి అధికారి దానిని సరిచూచి, లోపలినుండి ఒక పనివానిని పిలిచి, “నీవు వీరికి కావలసిన పుస్తకములను తెచ్చి యిమ్ము” అని యప్పగించును. అది మొదలు ఆ పాఠకుడు సెలవు తీసికొను వరకు ఆ పనివాడు వానికే చెందియుండును. పాఠకుడు పుస్తకము నడుగక కునికిపాట్లు పడుచున్నను, ఆ పనివాడు వేరొకరికి దొరకడు.

కనెక్షనుగూడ నట్టిదే. దరఖాస్తు పుటను నడుపు కార్యక్రమము డేటాబేసు సర్వరును పిలిచి, పేరును రహస్యపదమును చెప్పును. సర్వరు సరిచూచి లోనికి రానిచ్చును. పోస్ట్‌గ్రెస్ అయినచో ప్రతి కనెక్షనునకును ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను పుట్టించును. మైఎస్‌క్యూఎల్ సాధారణముగా ఒకే ప్రాసెస్‌లో ఒక్కొక్క కనెక్షనునకు ఒక్కొక్క త్రెడ్డును నియమించును. ఏ విధమైనను, ఒక్కొక్కదానికి కొంత స్మృతి కావలయును, ప్రాసెసరు కాలములో కొంత భాగము కావలయును.

మితి యెందులకు?

ఈ పనివారి సంఖ్యకు మితి లేనియెడల నేమగును? పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను అకారాది క్రమమున అమర్చుటవంటి పనికి, ఎవరును మార్చకున్నచో, 4 మెగాబైట్ల స్మృతి వరకు వాడుకొనుటకు అనుమతి గలదు. 500 కనెక్షనులు ఒకే క్షణమున ఒక్కొక్క వరుసను అమర్చ దొడగినచో 2,000 మెగాబైట్లు వానికే పోవును. ఒకే ప్రశ్నలో అట్టి పనులు రెండు మూడు ఉండవచ్చును గనుక లెక్క యింకను పెరుగును. స్మృతి చాలనప్పుడు యంత్రమును నడుపు ఆపరేటింగ్ సిస్టము తన రక్షణకై ఏదో యొక ప్రాసెస్‌ను బలవంతముగా చంపును. పోస్ట్‌గ్రెస్‌లో ఒక పనివాడట్లు చచ్చినచో, పట్టికలు చెడిపోకుండుటకై మిగిలిన కనెక్షనులన్నియు తెంపబడును. అనగా తలుపునొద్ద పదిమందిని నిలుపజాలనివాడు లోపలి వేయిమందినిగూడ వీధిలోనికి త్రోసినట్లగును.

ఈ కారణముచేతనే నిర్మాతలు ముందుగనే ఒక మితి నేర్పరచియున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో అది సాధారణముగా 100. వానిలో 3 కనెక్షనులను ప్రధానాధికారికై ప్రత్యేకించి యుంచుదురు. కావున ఇతరులకు మిగులునవి 97. మైఎస్‌క్యూఎల్‌లో మితి 151; దానికిమీద ఒక్కటి అధికారికై గలదు. ఈ ప్రత్యేకింపు మిక్కిలి వివేకముతో కూడినది. ఇంటినిండ జనము క్రిక్కిరిసినప్పుడు లోపలికి పోయి సర్దవలసినవానికి దారి యుండవలయును గదా. అయితే కొందరు అజాగ్రత్తచే తమ దరఖాస్తు కార్యక్రమమునకే ప్రధానాధికారి పేరును రహస్యపదమును ఇచ్చివేయుదురు. అప్పుడా కార్యక్రమమే ప్రత్యేక స్థానములనుగూడ ఆక్రమించును. అధికారి తన యింటి బయట తానే నిలుచును.

మితిని పెంచిన చాలదా?

నేనును ఈ ప్రశ్ననే యడిగితిని. “వందకు మారుగా వేయి అని వ్రాసిన తీరిపోదా, నాయనా?” అంటిని. అతడు నవ్వి, “మాస్టరు గారూ, మన హాస్టలు వంటశాలలో నాలుగే పొయ్యిలున్నవి. నలుబదిమంది వంటవారిని పిలిచినచో అన్నము పదిరెట్లు శీఘ్రముగా ఉడుకునా?” అని యడిగెను.

ఉడుకదు. ఒకరి గరిటె మరియొకరికి తగులును. సర్వరులో పొయ్యిల వంటివి ప్రాసెసరు కోర్‌లు. ఎనిమిది కోర్‌లు గల యంత్రము ఒక క్షణమున ఎనిమిది పనులను మాత్రమే నిజముగా చేయగలదు. మిగిలినవారు తమ వంతునకై నిరీక్షింతురు. ఒకరినుండి యొకరికి మారుటయందే యంత్రమునకు కాలము వ్యర్థమగును. పైగా ఒకే వరుసను ఇద్దరు దిద్దబోయినచో రెండవవాడు మొదటివాని తాళము విడుదలయగు వరకు ఆగవలయును. పోస్ట్‌గ్రెస్ వాడుకరులలో ఒక స్థూల సూత్రము ప్రచారమున నున్నది: కోర్‌ల సంఖ్యను రెండుచే గుణించి, పనిచేయుచున్న డిస్కుల సంఖ్యను కలుపవలయును. ఎనిమిది కోర్‌లును ఒక డిస్కును ఉన్నచో 17. ఇది మొదటి యంచనాయే గాని శాసనము గాదు, పరీక్షించి సరిచూచుకొనవలయును. అయినను, ఒకే కాలమున పనిచేయవలసిన కనెక్షనుల సంఖ్య మనము తలంచుదానికంటె ఎంత చిన్నదో యిందువలన తెలియుచున్నది.

మరియొక విషయము. పోస్ట్‌గ్రెస్‌లో ఈ మితిని మార్చినచో సర్వరును ఆపి మరల ప్రారంభింపవలయును. మైఎస్‌క్యూఎల్‌లో నడుచుచుండగనే మార్చవచ్చును. గడువు రాత్రి పదకొండు గంటలకు సర్వరును ఆపుటకు ఎవరును సాహసింపరు. కావున ఈ లెక్క ముందుగా వేసికొనవలసినదే గాని ఆపదలో వేసికొనవలసినది గాదు.

పై తరగతుల వారికొక లెక్క

ఇట్టి సమస్య క్రొత్తది గాదు. ఒక పట్టణమునకు ఎన్ని టెలిఫోను తీగెలు చాలునను విషయమును కోపెన్‌హేగన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎర్లాంగ్ అను గణితవేత్త పరిశోధించి 1909లో తన మొదటి వ్యాసమును ప్రకటించెను. పిమ్మట 1961లో జాన్ లిటిల్ అను నమెరికా దేశీయుడు ఒక సులభ సూత్రమును నిరూపించెను. సెకనునకు వచ్చువారి సగటు సంఖ్యను, ఒక్కొక్కరు లోపల గడపు సగటు కాలముచే గుణించినచో, ఏ వేళనైనను లోపలనున్నవారి సగటు సంఖ్య వచ్చును.

బాలబాలికలారా, ఈ లెక్క చేయుడు. సెకనునకు 200 ప్రశ్నలు వచ్చుచున్నవి. ఒక్కొక్క ప్రశ్నకు సెకనులో ఇరువదవ వంతు పట్టుచున్నది. ఎన్ని కనెక్షనులు పనిలో నుండును? 200ను 20చే భాగింపగా 10. అంతియే! ఇప్పుడు ఏదో లోపముచే ఒక్కొక్క ప్రశ్నకు 2 సెకనులు పట్టదొడగెననుకొనుడు. 200ను 2చే గుణింపగా 400. వచ్చువారి సంఖ్య ఒక్కరైనను పెరుగలేదు. అయినను 97 స్థానములు నిమిషములో నిండిపోయెను. అనగా పెక్కు వేళలలో ద్వారమును మూయునది జనసమూహము గాదు, లోపలి ఆలస్యము.

ఈ యాలస్యము ఎట్లు కలుగును? లక్ష పేర్లుగల రిజిస్టరులో ఒక హాల్ టికెట్టు సంఖ్యను మొదటి పుటనుండి చివరి పుటవరకు వెదకినచో ఎంత కాలము పట్టును? అకారాది సూచిక యున్నచో ఎంత కాలము పట్టును? డేటాబేసులోగూడ ఇండెక్సు అను సూచికను నిర్మింపవచ్చును. సరియైన సూచిక నొక్కదానిని చేర్చుట, మితిని పదిరెట్లు పెంచుటకంటె మేలు చేయవచ్చును.

పూలు అను పద్ధతి

2017 నవంబరులో మన తార్నాకకు మెట్రో రైలు వచ్చెను. ప్రతి ప్రయాణికునకు ఒక క్రొత్త రైలును నిర్మించి, అతడు దిగిన వెంటనే దానిని విరుగగొట్టరు గదా. ఉన్న రైళ్లే తిరుగుచుండును. జనము ఎక్కుచు దిగుచు నుందురు. అట్లే కొన్ని కనెక్షనులను ముందుగా తెరచి సిద్ధముగా నుంచి, పని పడినవారికి ఎరువిచ్చి, పని ముగిసిన వెంటనే తిరిగి పుచ్చుకొను పద్ధతికి కనెక్షన్ పూలని పేరు. అన్నియు ఎరువు పోయియున్నప్పుడు వచ్చినవాడు వరుసలో నిలుచును. నియమిత కాలములో దొరకనిచో, “కొంతసేపటికి రమ్ము” అను మర్యాదగల మాట పొందును.

పోస్ట్‌గ్రెస్‌కు ఈ పనిచేయు పిజిబౌన్సర్ అను ద్వారపాలకుడు 2007లో స్కైప్ సంస్థనుండి వెలువడెను. బయట వందలకొలది వచ్చినను, లోపలికి కొద్ది కనెక్షనులనే తెరచి అందరికిని పంచును. ఇందు మూడు విధములు గలవు: వాడుకరి సెలవు తీసికొను వరకు అప్పగించుట యొకటి, ఒక లావాదేవీ ముగియు వరకు మాత్రమే అప్పగించుట రెండవది, ఒక్కొక్క వాక్యమునకు అప్పగించుట మూడవది. రెండవ విధమున పొదుపు చాల గలదు. అయితే ఒక లావాదేవీలో చేసికొన్న ప్రత్యేక యేర్పాట్లు తరువాతిదానికి నిలుచునని నమ్మరాదు. ఏలయన తరువాత దొరకు పనివాడు వేరొకడు గావచ్చును.

ఇచ్చట నొక పొరపాటు జరుగుచుండును. దరఖాస్తు పుటను ఆరు యంత్రములు నడుపుచున్నవనుకొనుడు. ఒక్కొక్కదానిని కట్టినవాడు, “ఇరువది చాలును” అని తన పూలునందు ఇరువది కనెక్షనులు పెట్టెను. ఆరు ఇరువదులు 120. స్థానములు 97. ఎవరికి వారు మితముగనే యుండిరి. అందరును కలిసి మితిమీరిరి. కావున పంపకమును ఒక్కరు కూర్చుండి చేయవలయును. ఒక్కొక్క వాడుకరి పేరునకు ఇన్నియే కనెక్షనులని విధించుటకును పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండింటను వీలు గలదు. నెలసరి నివేదికలను తీయువారికి పది మాత్రమే యిచ్చినచో, దరఖాస్తుదారుల భాగమును వారు మ్రింగకుందురు.

తిరిగి యివ్వనివారు

గ్రంథాలయములో పుస్తకములు తక్కువ యగుట కొనుగోలు లోపముచే గాక, పట్టుకొనిపోయినవారు తిరిగి యివ్వకపోవుటచే కలుగవచ్చును. కనెక్షనుల విషయమును అంతియే. కార్యక్రమము చక్కగా ముగిసినప్పుడు కనెక్షనును తిరిగి యిచ్చి, నడుమ తప్పు కలిగినప్పుడు ఇవ్వక మరచునట్లు కొందరు వ్రాయుదురు. దినమునకు పది తప్పులు కలిగిన పది దినములలో వంద పోవును. ఎవరును ఏమియు మార్చకున్నను పదియవ దినమున ద్వారము మూసికొనును. లావాదేవీని ప్రారంభించి, ముగింపక ఊరకుండువారు మరింత హానికరులు. వారు స్థానముతోబాటు తాళములనుగూడ పట్టుకొని యుందురు.

దీనికి రెండు మందులు గలవు. మొదటిది, చూచుట. పోస్ట్‌గ్రెస్‌లో పిజి స్టాట్ యాక్టివిటీ అను పట్టికయందును, మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్ లిస్టునందును ఎవరు లోపలనున్నారు, ఎంతసేపటినుండి యున్నారు, పనిచేయుచున్నారా, ఊరకున్నారా అను వివరములు కనబడును. రెండవది, గడువు విధించుట. మైఎస్‌క్యూఎల్‌లో ఊరకున్న కనెక్షనునకు సాధారణ గడువు 28,800 సెకనులు, అనగా ఎనిమిది గంటలు. రద్దీ గల సర్వరునకు అది మిక్కిలి దీర్ఘము. పోస్ట్‌గ్రెస్‌లో లావాదేవీ నడుమ ఊరకున్నవారిని వెళ్లగొట్టు గడువు 2016నుండి గలదు. కాని అధికారి తానై విధించు వరకు అది పనిచేయదు.

మనము చేయదగినది

ఇదంతయు సర్వరులను నడుపువారి ధర్మము. మనకును కొంత ధర్మము గలదు. పుట తెరువనప్పుడు మీటను మాటిమాటికి నొక్కుట తలుపును తన్నుటవంటిది. నొక్కిన ప్రతిసారియు క్రొత్త ప్రశ్న బయలుదేరును. మనము విడిచిపెట్టిన పాత ప్రశ్న లోపల ఇంకను నడుచుచునే యుండవచ్చును. ఆ రాత్రి మూడు కిటికీలతో నేను చేసిన పని అదియే. నా యొక్క విద్యార్థినికై నేను మూడు స్థానముల కెగబడితిని. ఏ గ్రామముననో సెల్‌ఫోనును చేతబట్టుకొని కూర్చుండిన మరియొక బాలిక స్థానమును నేను ఆక్రమించి యుందునేమో, ఎవరు చెప్పగలరు?

ఇంకొక సంగతిని దాచక చెప్పవలయును. మేము చివరి రాత్రివరకు ఎందుకు ఆగితిమి? ఆ తండ్రి ధ్రువపత్రముపై సంతకమునకై నాలుగు దినములు ముందుగనే నా యొద్దకు వచ్చియుండెను. నేను జవాబు పత్రములు దిద్దుటలో మునిగి, “రేపు రండి” అని రెండు మారులు పంపివేసితిని. పాపము, ఆటో కిరాయి మానుకొని వచ్చిన మనిషి. కనెక్షనును పట్టుకొని పనిచేయక కూర్చుండు కార్యక్రమమును గూర్చి ఆ యువకుడు చెప్పుచుండగా నేను తలవంచుకొంటిని.

పదకొండు గంటలు దాటిన పిమ్మట నెట్ సెంటరు కుర్రవాడు నా రెండు కిటికీలను మూసివేసి, “ఒక్కటే ఉంచుండ్రి సారూ, జర ఆగుండ్రి” అనెను. ఆగితిమి. పదకొండు గంటల నలువది నిమిషములకు పుట తెరువబడెను; దరఖాస్తు చేరినట్లు సంఖ్య వచ్చెను. ఆ బాలిక యిప్పుడు ఆ కళాశాలలోనే చదువుకొనుచున్నది.

తార్ అనగా తీగె. నాకా అనగా కాపలా ఠాణా. పూర్వమిచ్చట తోటకు తీగె కంచెయు, రాకపోకలను చూచు నాకాయు నుండుటచే తార్నాక యను పేరు కలిగెనని పెద్దలు చెప్పుదురు. నాకా యుండుట బాటను మూయుటకు గాదు. లోపలి తోట నలుగురికిని నిలుచుటకు. ఆ తండ్రికి నేను తరువాత చెప్పిన బదులును ఇదియే: దర్వాజను ఎవరును బందు చేయలేదు, లోపలికి పోయినవారము వేళకు బయటికి రాలేదు, అందు నేనొకడను. ఈ సంవత్సరము నా బల్లమీదికి వచ్చిన ధ్రువపత్రమును ఆ దినముననే సంతకము చేసి పంపుచున్నాను.